పదిమంది తోటలో వేసవి పూలు ఎందుకు ఆగిపోతాయి?

పదిమంది చేతిలో పడ్డ పాము చావదంటారు. పదిమంది చేతిలో పడ్డ పూలమొక్క మాత్రం సులువుగానే చస్తుంది, అందులోనూ వేసవిలో. ఉమ్మడి తోటల్లో ఏటా కనిపించేది ఇదే: మొక్కలు ఏపుగా, పచ్చగా నిలబడి ఉంటాయి, పువ్వు మాత్రం ఉండదు. లేదంటే నెలరోజులు విరగబూసి, ఓ వారంలో మొత్తం ఆగిపోతాయి. "ఎండలు మరి" అనుకుని ఊరుకుంటారు.

ఎండే కారణమైన సందర్భాలు లేకపోలేదు. చిక్కేమిటంటే, మూడు వేర్వేరు కారణాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. మొక్క తన లోపలి గడియారం ప్రకారం ఆగొచ్చు. వేడికి ఓర్చుకోలేక ఆగొచ్చు. మన చేతుల వల్ల ఆగొచ్చు. మొదటిదానికి మనం చేయగలిగింది తక్కువ, రెండోదానికి కొంత ఉంది, మూడోది పూర్తిగా మన చేతిలో పనే. ఏది ఏదో తేల్చుకోకుండా నీళ్లూ ఎరువూ గుమ్మరించడంతోనే అసలు నష్టం మొదలవుతుంది.

మొక్క గడియారం

చాలా పూలమొక్కలు రాత్రి ఎంత పొడుగుందో కొలుచుకుని మొగ్గ తొడుగుతాయి. చామంతి ఇందులో మహా పట్టుదల మనిషి: పొడుగాటి చీకటి, మధ్యలో తెగకుండా కావాలి. అందుకే వేసవిలో చామంతి మడి ఆకులతో నిండుగా ఉండి పువ్వు లేకుండా ఉంటే అది జబ్బు కాదు. బహిరంగ తోటల్లో ఇంకో మెలిక ఉంది. మడి పక్కన రాత్రంతా వెలిగే వీధి దీపం ఉంటే, పగళ్లు చిన్నవయ్యాక కూడా ఆ వైపు చామంతులు మొగ్గ వేయకపోవచ్చు, అవతలి వైపువి పూస్తాయి. ఒకే మడిలో సగం పూసి సగం పూయకపోతే ముందు తల పైకెత్తి దీపం ఎక్కడుందో చూడాలి, తరవాతే మట్టి సంగతి.

జినియా, కాస్మోస్, పొడుగ్గా పెరిగే ముద్దబంతి ఇంత మొండివి కావు. పొడుగు పగళ్లలోనూ పూస్తాయి, కాకపోతే ఆలస్యంగా, కాడ సాగదీసి పూస్తాయి. పెటూనియాది దీనికి తిరగేసిన లెక్క, పగలు పొడుగైతే త్వరగా పూస్తుంది. విత్తనాల పొట్లం మీద రాసిన రోజుల లెక్క ఒక్కోచోట కుదరకపోవడానికి ఇది ఒక కారణం. భూమధ్యరేఖకు 15 డిగ్రీల దూరంలో వేసవి పగలు మహా అయితే 13 గంటలు, 50 డిగ్రీల దగ్గర 16 గంటలు దాటుతుంది. ఒకే విత్తనం ఈ రెండు చోట్లా ఒకే రోజుకు పూయాలనుకోవడం అత్యాశ.

గడియారంలో రెండో ముల్లు వయసు. జినియా, బంతి ఒక్క కారు మొక్కలు. విత్తిన 60-70 రోజులకు జినియా, 50-60 రోజులకు పొట్టి ఫ్రెంచ్ బంతి పూత మొదలుపెట్టి, కొన్ని వారాలు బాగా పూసి, తరవాత అలిసిపోతాయి. కింది ఆకులు ఎండి, కాడ చెక్కబారిన మొక్కకు ఎరువు వేస్తే ఎరువే దండగ. మడిని మూడు భాగాలు చేసి, మూడేసి వారాల తేడాతో విత్తుకోవడం ఒక్కటే దీనికి తోవ. ఒక భాగం వాడే వేళకు ఇంకోటి పూతకొస్తుంది. ఉమ్మడి తోటల్లో ఇది జరగకపోవడానికి కారణం తెలిసిందే: నాటే రోజు అందరూ కలిసి వస్తారు, మొత్తం మడి ఒకే పూట నిండిపోతుంది, ఖాళీ జాగా ఉంచితే ఎవరికీ నచ్చదు. ఆ ఖాళీ మూడో వంతులో ఎండాకులు పరిచి, ఏ తేదీన ఏం విత్తాలో రాసిన పలక ఒకటి గుచ్చితే ఎవరూ తొందరపడి నింపరు.

వేడి నిజంగా చేసేది

పగటి వేడి 35 డిగ్రీలు దాటిన రోజులు వరుసగా వస్తే ఫ్రెంచ్ బంతి పూత తగ్గిస్తుంది. మొక్క చావదు, ఊరికే ఆగుతుంది. చల్లబడ్డాక మళ్లీ మొగ్గ వేస్తుంది. రాత్రుళ్లు కూడా వేడిగా ఉంటే నష్టం ఎక్కువ, ఎందుకంటే పగలు తయారుచేసుకున్న చక్కెరను రాత్రి శ్వాసకే ఖర్చుపెట్టుకుంటుంది, పువ్వుకు మిగిలేది తక్కువ. అందుకే పూలు చిన్నబోతాయి. రంగు వెలవడమూ ఇందులో భాగమే. ఎరుపు, గులాబీ, ఊదా రంగులనిచ్చే ఆంథోసయనిన్ వేడిలో సరిగా తయారవదు. బంతిలోని పసుపు, నారింజకు ఆధారమైన కెరోటినాయిడ్లు ఇంకాస్త నిలకడైనవి. ఎర్ర పెటూనియా వెలిసినట్టుంటే దానికి మందు లేదు, వాతావరణం మారితేనే తేరుకుంటుంది.

వేడికి మొగ్గలు రాలడం వేరు. ఒత్తిడిలో ఉన్న మొక్కలో ఎథిలీన్ అనే వాయువు పెరిగి, మొగ్గ కాడ మొదట్లో కణాల పొర ఒకటి విడిపోతుంది. మందారం ఇలా మొగ్గలు రాల్చడంలో దిట్ట. ఒకరోజు మడి ఎండిపోయి, మర్నాడు నీట మునిగితే చాలు. అయితే రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడకుండా ఎండను నిందించకూడదు. లోపల సన్నటి తెల్లని పురుగులుంటే అది మొగ్గ ఈగ పని. రాలిన మొగ్గలను రోజూ ఏరి, సంచిలో మూతికట్టి పారేయాలి. మట్టి మీద వదిలితే ఆ పురుగులు మట్టిలోకి దిగి ఈగలై మళ్లీ వస్తాయి. కంపోస్టు కుప్పలో కూడా వేయొద్దు.

వేడిని నిజంగా లెక్కచేయని పూలున్నాయి. బొగడబంతి, గడ్డిగులాబీ రెండూ సి-4 అనే ప్రత్యేక పద్ధతిలో ఆహారం తయారుచేసుకునే మొక్కలు. మామూలు మొక్కలతో పోలిస్తే ఖర్చుపెట్టే ప్రతి నీటిబొట్టుకూ ఎక్కువ పని చేస్తాయి. గడ్డిగులాబీ ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది, ఎండ కాస్తేనే రేకులు విప్పుతుంది. సీతమ్మవారి జడ, బిళ్లగన్నేరు, కాగితం పూలు కూడా ఈ జట్టులో వేయదగినవే. బొగడబంతిలోనూ కాగితం పూలలోనూ మనం పువ్వనుకునే రంగు భాగం రంగు తేలిన ఆకే, అసలు పూలు మధ్యలో చిన్నగా ఉంటాయి. అన్ని రోజులు వాడకుండా నిలవడం అందుకే. దారి పక్కన, నీళ్లు అందని మూలల్లో, పడమటి ఎండ కొట్టే గోడ వారన వీటికి చోటిచ్చి, మధ్యాహ్నం తరవాత కాస్త నీడ పడే చోటు బంతికీ పెటూనియాకూ వదలడం తెలివైన పంపకం.

మధ్యాహ్నం మూడు గంటల జాలి

ఇప్పుడు అసలు సంగతి, నీళ్లు. పెద్ద ఆకుల మొక్కలు, ముఖ్యంగా పొద్దుతిరుగుడు, జినియా, మండే ఎండలో మట్టి తడిగా ఉన్నా వాలిపోతాయి. ఆకుల నుంచి ఆవిరయ్యే వేగాన్ని వేళ్లు అందుకోలేకపోవడమే కారణం. సాయంత్రానికి అవే లేచి నిలబడతాయి. ఉమ్మడి తోటలో మధ్యాహ్నం అటుగా వెళ్లిన ఒకరు వాలిన మొక్కను చూసి జాలిపడి నీళ్లు పోస్తారు. నాలుగింటికి ఇంకొకరు. ఆరింటికి, ఆ రోజు వంతున్న మనిషి. మూడు తడులూ పైపైనే తడిపి, వేళ్లను పై పొరలోనే ఉంచేస్తాయి. బిళ్లగన్నేరు లాంటివైతే ఏకంగా కుళ్లిపోతాయి.

మొక్క దాహాన్ని తెల్లవారుజామున చూడాలి. పొద్దున్నే ఆకులు వాలి, వేలు 5 సెంటీమీటర్లు గుచ్చితే మట్టి పొడిగా తగిలితే, నీళ్లు కావాలి. పొద్దున్నే వాలి, మట్టి తడిగా ఉంటే అది వేరుకుళ్లు, ఇంకో చెంబు పోస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది. మొదలు దగ్గర కాడ నల్లబారిందేమో చూడండి. నల్లబడితే మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా పెళ్లగించి తీసేయాలి. అదే గుంతలో అదే రకం ఆ కారుకు మళ్లీ పెట్టొద్దు.

ఎన్ని నీళ్లు? మామూలు వేసవిలో చదరపు మీటరుకు వారానికి 25 లీటర్లు, 35 డిగ్రీలు దాటి వడగాలి వీచే వారాల్లో 40 దాకా. ఇది పైపు పట్టుకున్న మనిషికి అర్థమయ్యే లెక్కలోకి మార్చాలి. 10 లీటర్ల బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి చూడండి. 40 సెకన్లు పట్టిందంటే ఆ పైపు నిమిషానికి 15 లీటర్లు ఇస్తోంది. 4 చదరపు మీటర్ల మడికి వారానికి 100 లీటర్లు, రెండు తడులుగా 50 చొప్పున, అంటే ఒక్కో తడికి 3 నిమిషాల 20 సెకన్లు. ఈ అంకెను మడి దగ్గరే రాసిపెడితే, "బాగా తడపండి" అన్న మాటను ఒక్కొక్కరూ ఒక్కోలా అర్థం చేసుకునే బాధ ఉండదు. కుళాయి ఒత్తిడి పూటపూటకూ మారే చోట బకెట్ పరీక్ష నీళ్లు పెట్టే వేళకే చేయాలి.

తడి లోతుకు దిగిందా లేదా అన్నది గంట తరవాత చిన్న పారతో ఓ పక్కన తవ్వి చూస్తేనే తెలుస్తుంది. 15-20 సెంటీమీటర్ల దాకా తడి కనిపించాలి. ఇసుక నేలైతే అదే నీటిని నాలుగు తడులుగా పంచాలి. బంకమట్టి అయితే రెండు తడులే, కానీ సన్నధారగా, లేకపోతే దారిలోకి పారిపోతుంది. ఎండిపోయి గట్టిపడిన మట్టి మొదటి నీళ్లను పీల్చదు. ఒకసారి కొద్దిగా తడిపి, పావుగంట ఆగి, అప్పుడు మిగతాది పెట్టాలి. కొత్తగా నాటిన నారుకు మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు, వారం పది రోజులు రోజూ కొద్దికొద్దిగా పోయాల్సిందే. కుండీలదీ అంతే, ముఖ్యంగా నల్ల కుండీలు ఎండకు కాగి వేళ్లను ఉడికిస్తాయి.

పొద్దున్నే పెట్టడం మేలు. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, వాటిని పక్కకు వదిలేయండి. మడికి ఒక పలక వేలాడదీసి, ఒక వైపు "నీళ్లు పెట్టారు", రెండో వైపు "ఇంకా లేదు" అని రాసి తిప్పుకునే పద్ధతి చాలా చవకది. రాయడానికి నోటు పుస్తకం పెడితే వారంలో వర్షానికి తడిసిపోతుంది, లేదా పెన్ను పోతుంది.

పైన 5-7 సెంటీమీటర్ల మందాన ఎండాకులో గడ్డో పరిస్తే తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది, మట్టి వేడెక్కదు. కాడను తాకకుండా చుట్టూ నాలుగు వేళ్ల జాగా వదలాలి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. పచ్చి గడ్డి కోతను దళసరిగా వేస్తే అట్టకట్టి పులుస్తుంది. 2-3 సెంటీమీటర్లు వేసి ఎండనిచ్చి, పైన మళ్లీ వేయండి.

పిడికెడు ఎరువు, ముగ్గురి చేతులు

ముదురు ఆకుపచ్చ ఆకులు, మెత్తటి పొడుగు కాడలు, పేనుబంక, పూలు సున్నా. ఈ నాలుగూ కలిసి కనిపిస్తే నత్రజని ఎక్కువైంది. కాస్మోస్ దీన్ని అందరికంటే ముందు చూపిస్తుంది, పాపం, బలం లేని నేలలోనే బాగా పూసే మొక్క అది. ఒకరు పిడికెడు వేస్తే మంచిదే, ఆ సంగతి తెలియక ఇంకో ఇద్దరు వేయడంతో వస్తుంది తంటా. మట్టి మీద తెల్లటి పొర, ఆకు అంచులు మాడటం కనిపిస్తే లవణాలు పేరుకున్నట్టు. నీరు బాగా ఇంకే మడి అయితే మామూలు తడికి మూడింతల నీటిని నిదానంగా ఒక్కసారి పెట్టి కిందికి దింపేయొచ్చు. బంకమట్టిలో ఈ పని చేస్తే వేరుకుళ్లు వస్తుంది, అక్కడ ఎరువు ఆపి ఓపిక పట్టడమే.

నాటే ముందు 2-3 సెంటీమీటర్ల మందాన బాగా చివికిన కంపోస్టు కలిపితే చాలా వేసవి పూలకు కారంతా సరిపోతుంది. 4 చదరపు మీటర్ల మడికి అది 80 నుంచి 120 లీటర్లు. జినియా, బంతి తిండిపోతులు కాబట్టి ఆరు వారాలకు ఇంకో సెంటీమీటరు పైన చల్లండి. బొగడబంతికి, గడ్డిగులాబీకి అదీ అక్కర్లేదు. ఎండిన మట్టి మీద ఎరువు వేయడం ఎప్పుడూ తప్పే, ముందు తడి, తరవాత ఎరువు, మళ్లీ తడి.

ఎవరు తుంచాలి?

బహిరంగ తోటలో పూత ఆగడానికి ఎక్కువమంది గుర్తించని కారణం మర్యాద. "మన మొక్క కాదు కదా" అని ఎవరూ కత్తెర ముట్టుకోరు. పువ్వు వాడి గింజ కట్టడం మొదలవగానే మొక్క బలమంతా అటు మళ్లుతుంది, కొత్త మొగ్గలు తగ్గుతాయి. మూడు నాలుగు రోజులకోసారి వాడిన పూలు తీసేస్తే మొక్క మళ్లీ ప్రయత్నిస్తుంది.

తీయడంలోనే సగం పొరపాట్లు. బంతి రేకులు పీకి వదిలేస్తే లాభం లేదు, గింజలుండేది కింద ఉబ్బిన ఆకుపచ్చ దొన్నెలో. దాని కిందనుంచి తుంచాలి. జినియాను పువ్వు మెడ దగ్గర కోస్తే మొండి కాడ మిగులుతుంది. కిందికి వచ్చి, ఆకుల జంటకు పైన కోస్తే ఆ కణుపు నుంచి రెండు కొమ్మలు లేస్తాయి. సీతమ్మవారి జడలో నడిమి తల తీస్తే పక్క తలలు వస్తాయి. బిళ్లగన్నేరు తన వాడిన పూలు తానే రాల్చుకుంటుంది, దాని జోలికి పోనక్కర్లేదు. ఒంటికాడ పొద్దుతిరుగుడు ఒక్క పువ్వుతో సరి, ఎంత తుంచినా రెండోది రాదు.

అందరికీ అర్థమయ్యే ఒక్క నియమం పెట్టుకుంటే ఈ మొహమాటం పోతుంది: దారం కట్టిన పువ్వు గింజకు, దాన్ని ముట్టుకోవద్దు. దారం లేకుండా వాడినది ఏదైనా ఎవరైనా తుంచొచ్చు.

ఇంకా చిన్న వయసులో చేసే కోత ఒకటుంది, తల గిల్లడం. జినియా, కాస్మోస్ 20-25 సెంటీమీటర్ల ఎత్తుకు రాగానే మూడో నాలుగో ఆకుల జంటకు పైన చిగురు గిల్లేస్తే మొదటి పువ్వు వారం పది రోజులు ఆలస్యమవుతుంది, కొమ్మలు మాత్రం ఎన్నో రెట్లవుతాయి. వడగాలుల వారంలో మాత్రం గిల్లకండి.

తెగుళ్లు, పురుగులు, తేనెటీగలు

జినియా ఆకుల మీద తెల్లటి బూడిద పట్టగానే "ఆకులు తడిపారు, అందుకే" అంటారు. బూడిద తెగులుకు ఆకు మీద నీటి తడి అవసరమే లేదు. మొక్కలు ఇరుకుగా ఉండి గాలి ఆడకపోవడం, రాత్రి గాలిలో తేమ, ఇవి దానికి ఇష్టం. ఆకు తడి వల్ల వచ్చేది గోధుమరంగు మచ్చల తెగులు. మొదటిదానికి ఎడం పెంచాలి, రెండోదానికి నీళ్లు ఆకుల మీద కాకుండా మొక్క మొదట్లో పెట్టాలి. జినియాకు 25-30 సెంటీమీటర్లు, ఫ్రెంచ్ బంతికి 20-25, ముద్దబంతికి 30-45, గడ్డిగులాబీకి 15-20 ఎడం ఉండాలి. 25 సెంటీమీటర్ల ఎడంతో చదరపు మీటరుకు 16 మొక్కలే పడతాయి. నాటే రోజు బోసిగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

ఆకులు దుమ్ముపట్టినట్టు, సూదులతో పొడిచినట్టు వెలిస్తే ఎర్రనల్లి. తెల్ల కాగితం పైన ఆకును తట్టండి, రాలిన చుక్కలు కదిలితే అదే. ఎండ, పొడి గాలి, దుమ్ము దీనికి పండగ. పొద్దున్నే ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టడం, మూడు రోజులకోసారి మూడు సార్లు, మొదలు దశలో చాలు. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొద్దిగా ద్రవ సబ్బు, ఎండ దిగాకే. మండుటెండలో కొడితే ఆకులు మాడతాయి. పూసిన పువ్వు మీద ఏ మందూ కొట్టకూడదు. తేనెటీగలు అక్కడికే వస్తాయి.

తేనెటీగల కోసమే నాటుతుంటే ముద్ద రకాలకంటే ఒంటిరేక రకాలు మేలు. ముద్ద పువ్వులో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, పుప్పొడి, తేనె తక్కువ. తలా ఒక మొక్కగా చెదరగొట్టకుండా ఒకే రకాన్ని ఒక చదరపు మీటరు గుంపుగా పెడితే అవి తేలిగ్గా కనుక్కుంటాయి. పొద్దుతిరుగుడు గురించి ఇంకో మాట: లేత మొక్కే సూర్యుడితో తిరుగుతుంది, ముదిరిన పువ్వు తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. పొద్దుటి ఎండకు త్వరగా వెచ్చబడి తేనెటీగలను ఎక్కువగా రప్పించుకుంటుందని 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. కాబట్టి నడిచే దారి పొద్దుతిరుగుడు వరుసకు తూర్పున ఉండాలి. పడమర పెట్టారా, వచ్చినవాళ్లందరికీ కనిపించేవి పూల వీపులే.

మడి వెడల్పు రెండు వైపుల నుంచి చేయి అందేట్టయితే 120 సెంటీమీటర్లు, ఒక్క వైపే అయితే 60, అంతకు మించొద్దు. మించితే మధ్యలో కలుపు తీయడానికి ఎవరో కాలు పెడతారు. తొక్కిన మట్టి గట్టిపడి నీళ్లు ఇంకవు, ఆ అడుగుల చోటే మొక్కలు ముందు వాలతాయి. దారి 90 సెంటీమీటర్లు ఉంటే తోపుడు బండీ చక్రాల కుర్చీ కూడా పోతాయి.

దారం కట్టిన తలలు గోధుమరంగుకు తిరిగి కాడ పెళుసైనప్పుడు, మంచు ఆరిన పూట కోసి, నీడన వారం పది రోజులు ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే మిగిలిన తేమకు బూజు పడుతుంది. సంకర రకాల గింజలు తల్లిలా పూయవు, పక్కపక్కన నాటిన జినియా రంగులు కలిసిపోతాయి. ఏ మడిలోదో, ఏ తేదీన కోశారో కవరు మీద రాయండి. పొడిగా, చల్లగా ఉంచిన బంతి గింజలు రెండు మూడేళ్లు మొలుస్తాయి. జినియావి ఇంకా కొంచెం ఎక్కువే నిలుస్తాయి.